బోర్లించిన దోనె

సారం పేటలో రంగనాథన్ ఇంటిని ఆనుకున్న వడ్రంగి కొట్టం వెనకగదిలో ఆ పాత దోనె నెల రోజులుగా ఉంది. ఒకే మానును తొలిచి చేసిన చిన్న పడవ. బాహూరు చెరువు పక్కన తుమ్మపొదల్లో బోర్లించి ఉంటే, అడిగేవాళ్లు లేరని బండి మీద వేసుకొచ్చాడు.

దాని అడుగున గుప్పెడంత రంధ్రం. పుచ్చిపోయి పడింది కాదు, ఉలితో గుండ్రంగా, శ్రద్ధగా తొలిచింది. మంచి దోనెను ఎవరు పాడుచేశారు, ఎందుకు చేశారు అని పనివాడు ఒక్కసారైనా అడగాలి. రంగనాథన్ అడగలేదు. టేకు బిళ్ల దిగ్గొట్టి, అతుకు కనబడకుండా రంగు పూసి, దోనెను వెల్లకిలా పెట్టాడు.

సముద్రపు ఒడ్డు హోటలువాళ్లు దాన్ని తమ హాల్లో పెట్టుకుంటామన్నారు. "ఎక్కడిదో, ఎవరు చేశారో తెలుసుకుని రాసివ్వండి" అన్నారు. దోనె ముక్కు మీద మూడు గాట్లున్నాయి. అవి వైతికుప్పం పల్లెకారుల వాడలో ఉండే కనగం అనే ముసలామె మామగారి చేతి గుర్తని చేపల బజారులో ఎవరో చెప్పారు.

ఆ మధ్యాహ్నం మబ్బు కమ్మింది గాని చినుకు పడలేదు. గాలి లేదు. ఎండుచేపల వాసన గొంతులో దిగబడుతోంది. గుడిసె ముందు కనగం వల చిక్కు తీస్తోంది. రంగనాథన్ ఫోనులో దోనె ఫోటో చూపించాడు. ముసలిదాని చేతులు ఆగిపోయాయి.

"బొక్క మూసి దీన్ని వెల్లకిలా తిప్పింది ఎవడు?"

"నేనే అవ్వా. ఓటి దోనె ఎవరు కొంటారు?"

ఆమె ఇసుకలో ఉమ్మింది. "ఉలి పట్టను నేర్చినావు, బుద్ధి నేర్వలేదు. పీనుగును మోసుకొచ్చిన దోనెకు బొక్క పెట్టి బోర్లించేది మా వాడుక. మళ్లీ నీళ్ల మీదికి పోకూడదని. ఇది అన్నిటికన్నా చెడ్డది. ఒకరిని దించి ఒకరిని ఎక్కించుకుంటుంది. మా మామ చేత్తో చేసి, మా మామ చేత్తోనే బొక్క పొడిచినాడు. పో! నా వాకిట్లో నిలబడొద్దు!"

ఇంట్లో భార్య వేదవల్లి ఒక్కతే ఉంది. దోనెకు లోపల నూనె రుద్దమని పొద్దున తనే చెప్పి వచ్చాడు.

ఫోను చేశాడు.

"వేదా, యాడుండావు?"

"దోనెలో." గుసగుసగా వచ్చింది గొంతు. "గదిలోకి నీళ్లొచ్చినాయి మామా. మోకాలిదాకా వచ్చేసరికి ఎక్కి కూర్చున్నా."

అతను ఆకాశం వైపు చూశాడు. ఒక్క చినుకు లేదు.

"దిగు. ఇప్పుడే దిగు!"

"యాడ దిగేది? గోడలు కనబళ్లేదు..."

ఫోనులో చప్పుడు. తప్... తప్... తప్...

"అదేంది?"

"వెనక తెడ్డేస్తా ఉండావు గదా."

"తిరిగి చూడొద్దే!"

తర్వాత, చాలా మెల్లగా...

"నువ్వు గాదా మామా?"

ఫోను తెగింది.

మోటారుసైకిలు ఎలా నడిపాడో అతనికే తెలియదు. సారం వీధి పొడిగా ఉంది. వెనకగదిలో రంపపు పొట్టు పొడిగా, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. దోనెలో వేదవల్లి కూర్చుని ఉంది. తల నుంచి పాదాల దాకా తడిసి ముద్దయింది. చెరువు బురద కంపు. చెయ్యి పట్టి బయటికి లాగాడు. మంచులా ఉంది చెయ్యి. సుత్తి తీసి బిళ్ల ఊడగొట్టాడు. ఒంట్లో బలమంతా పెట్టి దోనెను బోర్లించాడు.

ఆమె నిలబడి చూసింది.

చీకటి పడకముందే ఆమె పొడిచీర కట్టుకుని అన్నం పెట్టింది. బతికి బయటపడ్డామని రంగనాథన్ దేవుడికి దండం పెట్టుకున్నాడు. ఆమె పులుసు పోస్తుంటే అరచెయ్యి కనబడింది.

అరచేతి నిండా కాయలు. పసుపుపచ్చగా, రాయిలా గట్టిపడ్డ కాయలు. ఏళ్ల తరబడి తెడ్డు పట్టిన చేతులకు కాసేవి.

వేదవల్లి ఎన్నడూ పడవ ఎక్కి ఎరగదు.

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అప్పుడు వినబడింది... వెనకగదిలో, దోనె కింద నుంచి. చెక్క మీద వేళ్ల చప్పుడు. ఆ రంధ్రంలోంచి సన్నగా వేదవల్లి గొంతు.

"మామా... చీకటిగా ఉంది మామా... తిప్పు..."

ఎదురుగా ఉన్నామె తల ఎత్తలేదు. పులుసు గిన్నె కింద పెట్టి లేచింది. వెళ్లి వెనకగది తలుపుకు గడియ వేసింది.

పొడి గచ్చు మీద, ఆమె నడిచినంత మేరా తడి అడుగులు.