ఇద్దరూ గెలిచిన కుస్తీ

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్లోకి అశ్విత అడుగుపెట్టేసరికి బయట వాన దంచుతోంది. గొడుగైతే మర్చిపోయింది గానీ కోపం మాత్రం మర్చిపోకుండా తెచ్చుకుంది. సంచిలోంచి ఒక సన్నటి పుస్తకం తీసి, కంప్యూటర్ ముందున్న కుర్రాడి ఎదురుగా పెట్టి, ఇది రాసిందెవరని అడిగింది.

నేనేనన్నాడు కోటేశ్వర్. అది వాళ్ల తాత రమణయ్య వస్తాదు జీవిత చరిత్ర. రాసిందీ, కంపోజ్ చేసిందీ, రెండొందల కాపీలు వేయించి చుట్టాలందరికీ ఊరికే పంచిందీ అతనే. ఇన్నాళ్లకు ఒక పాఠకురాలు వెతుక్కుంటూ వచ్చిందని పాపం మొహం వెలిగిపోయింది.

"అరవై మూడో పేజీ మొత్తం అబద్ధం," అంది అశ్విత.

"మిగతా పేజీలు నచ్చినాయాండీ?"

నవ్వకూడదనుకుంది. నవ్వొచ్చేసింది. అందుకు ఇంకాస్త కోపం వచ్చింది.

సంగతేమిటంటే, అశ్వితది ఉదయగిరి. ఎమ్మే తెలుగు ప్రాజెక్టు కోసం వస్తాదుల ఆత్మకథలూ జీవిత చరిత్రలూ పోగేసి ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చి చూస్తోంది. ఊరూరా డేరా వేసి, టికెట్టు పెట్టి కుస్తీలు ఆడించిన కంపెనీ వస్తాదులు వాళ్లంతా. ఆమె తాత జనార్దనయ్య కూడా ఆ కంపెనీ మనిషే. ఆయన చెబుతుంటే ఆత్మకథ రాసిపెట్టింది అశ్వితే. నలభై ఏడేళ్ల కిందట ఉదయగిరి డేరాలో రమణయ్యను తాత చిత్తు చేశాడని అందులో ఉంది. కోటేశ్వర్ పుస్తకంలోనేమో ఆత్మకూరు డేరాలో జనార్దనయ్యే చిత్తయ్యాడని ఉంది. తాము తలపడింది జన్మలో ఒక్కసారేనని ఇద్దరు తాతలూ ఒట్టేసి మరీ చెప్పారు.

గెలుపు దొంగిలించింది చాలక కుస్తీని ఊరు కూడా మార్చేశారని అశ్విత దులిపేసింది. మార్చింది మీరేనేమో, మీ తాతను గట్టిగా అడిగి చూడండని అతను నెమ్మదిగా అంటించాడు. ఈలోగా ఉదయగిరి బస్సు వెళ్లిపోయింది. వాన తగ్గలేదు. రెండు టీలు వచ్చాయి.

ఆ తర్వాత ప్రతి శనివారం ఆమెకు ఆత్మకూరులో ఏదో ఒక పని తగిలేది. ఇద్దరూ పుస్తకాలు పరుచుకుని కూర్చునేవాళ్లు. ఒక వస్తాదు తన ఆత్మకథలో పూటకు ఇరవై నాలుగు గుడ్లు తినేవాణ్నని రాసుకున్నాడు. కొడుకు రాసిన చరిత్రలో అవి ముప్పై ఆరయ్యాయి. మనవడు రాసుంటే కోళ్లు కూడా మిగిలేవి కావని కోటేశ్వర్ అన్నాడు. సొంతంగా రాసుకున్నవాడు దాస్తాడు, పక్కనున్నవాడు పెంచుతాడు అని అశ్విత నోటుబుక్కులో రాసుకుంది. మీరు అనుకోవడం పోయి నువ్వు అనుకోవడం ఏ శనివారం మొదలైందో మాత్రం ఎక్కడా రాసుకోలేదు.

"నువ్వంటే నాకిష్టం అశ్వితా," అన్నాడు ఒకరోజు, కంప్యూటర్ వైపు చూస్తూనే. "మా తాత ఓడిపోయినాడని రాయమని మాత్రం అడగబాక."

"నాకూ నువ్వంటే ఇష్టమే. మా తాత ఓడినాడని నేనూ రాయను."

ఇళ్లల్లో చెప్పారు. అమ్మానాన్నలకు అభ్యంతరం లేదు గానీ, పెద్దాయన ఊ అనాలన్నారు. రమణయ్య ఓటమిని కోటేశ్వర్ పుస్తకంలో అచ్చేస్తేనే పిల్లనిస్తానని జనార్దనయ్య భీష్మించుకున్నాడు. అవతల రమణయ్య కూడా జనార్దనయ్య ఓటమి గురించి అచ్చం అలాంటి షరతే పెట్టాడు. రెండు నెలలు గడిచినా ఎవరూ దిగిరాలేదు. అశ్వితకు అన్నం సహించడం మానేసింది.

అప్పుడు దొరికింది వింజమూరు మస్తానయ్య రాసుకున్న ఆత్మకథ. కంపెనీలో టికెట్లు చింపిన మనిషి. అందులో ఒకచోట ఇలా ఉంది: "ఏ ఊళ్లో డేరా వేస్తే ఆ ఊరి వస్తాదే గెలవాల. లేకపోతే మర్నాడు టికెట్టు తెగదు."

అశ్విత ఆ మాటలు మళ్లీ చదివింది. అయితే కుస్తీ రెండుసార్లు జరిగింది. ఉదయగిరిలో తాత గెలిచాడు, ఆత్మకూరులో రమణయ్య గెలిచాడు. ఎవరి ఓటమిని వాళ్లు మింగేశారు. పరిగెత్తుకెళ్లి అడిగితే, టికెట్లు చింపేవాడికి కుస్తీ సంగతేం తెలుసని తాత కొట్టిపారేశాడు. ఆత్మకూరులోనూ అదే సమాధానం.

ఆమె పుస్తకాలన్నీ మళ్లీ ముందేసుకుంది. ఈసారి ఒక విచిత్రం కనిపించింది. ప్రతి వస్తాదూ గెలుపును నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. ఎలా పడాలో నేర్చుకున్న వైనం మాత్రం పేజీలకు పేజీలు రాశాడు. వాళ్ల అసలు గొప్ప అక్కడుందన్నమాట. అశ్విత వెంటనే కోటేశ్వర్‌కు ఫోన్ చేసి, ఆదివారం పొద్దున మీ తాతను ఉదయగిరికి తీసుకురమ్మంది.

రమణయ్య తేల్చుకుందామనే వచ్చాడు. వరండాలో ఇద్దరు ముసలాళ్లూ చెరో చివరా మొహాలు తిప్పుకుని కూర్చున్నారు. అవ్వ దేవకమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. అశ్విత నోటుబుక్కు తెరిచింది.

"గెలుపు సంగతి వదిలేయండి తాతా. ప్రాజెక్టులో ఒక పేజీ ఖాళీగా ఉండాది. కంపెనీలో అందరికంటే బాగా పడే వస్తాదు ఎవరు?"

రమణయ్య మీసం దువ్వుకున్నాడు.

"ఇంకెవరమ్మా, నేనే. ఇదే ఊళ్లో ఈయన నన్ను తలమీదికెత్తి ఇసిరేసినాడు. నేను పడిన పడటానికి ఆడోళ్లు ఏడ్చినారు. మళ్లీ లేస్తానని ఒక్కరూ అనుకోలా."

"అదీ ఒక పడటమేనా?" జనార్దనయ్య గ్లాసు కింద పెట్టేశాడు. "ఆత్మకూరులో నేను పడింది గుర్తులేదా నీకు? డాక్టరుకు కబురు పంపినారు. డేరా డేరా అంతా లేచి నిలబడింది."

అన్నాక గాని తెలియలేదు ఏమన్నాడో. కోటేశ్వర్ అశ్విత వైపు చూశాడు.

మొదట నవ్వింది దేవకమ్మ. "నలభై ఏడేళ్లు కడుపులో దాచుకున్నావే, ఇప్పుడు కక్కేసినావా?" అంది.

జనార్దనయ్య రమణయ్య వైపు తిరిగాడు.

"నన్ను పడేసేటప్పుడు మెడ కింద నీ చెయ్యి పెట్టినావు. లేకుంటే మెడ ఇరిగేది. ఊళ్లో పరువు పోతుందని ఆ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలా. తప్పు నాదే."

"నువ్వూ నన్ను పసిబిడ్డను దించినట్టు దించినావు," అన్నాడు రమణయ్య. "నేను మాత్రం ఎవరికి చెప్పినాను?"

ఆయన లేచి వెళ్లి జనార్దనయ్య పక్కన కూర్చున్నాడు. జనార్దనయ్య ఆయన చెయ్యి పట్టుకుని, ఎవరు బాగా పడ్డారో మాత్రం తాను ఒప్పుకునేది లేదన్నాడు. రమణయ్య కూడా తగ్గలేదు. ఆయన పంచె ఎగ్గట్టి, పడి చూపిస్తానని లేవబోతే దేవకమ్మ కసిరి కూర్చోబెట్టింది.

"నువ్వు రాసుకో అమ్మాయ్," అన్నాడు జనార్దనయ్య. "ఆత్మకూరులో జనార్దనయ్య ఓడిపోయినాడు. నా నోటితోనే చెప్పినానని రాయి." తర్వాత కోటేశ్వర్‌ను దగ్గరికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు. "నా మెడ కాపాడినోడి మనవడివి. నీకు పిల్లనియ్యకుండా ఇంకెవరికిస్తాను?"

అశ్విత నోటుబుక్కు పక్కన పడేసింది. అంత పెద్ద ప్రాజెక్టు చేసిన పిల్ల, అందరి ముందూ భోరున ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది. కోటేశ్వర్ తాతలిద్దరూ చూస్తుండగానే వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు, ఆమె విడిపించుకోలేదు.