అంచున గీయని పేరు

పిల్లలూ, పాత రికార్డుల్లో ప్రేమపాటలు మీరు చాలానే విన్నారు. సిన్సినాటిలో ఆ రికార్డులు చెక్కిన హార్లన్ కథ మాత్రం మీకెవరూ చెప్పలేదు.

గాజు అవతలి గదిలో మనిషి పాడుతుంటే, ఇవతల యంత్రం సూది ఆ గొంతును నల్లపూత పళ్లెం మీద గాడిగా కోసేది. కోసిన చోట వెంట్రుకలాంటి దారం లేచేది. హార్లన్ దాన్ని కుంచెతో తీసి సీసాలో వేసేవాడు. పాట అయ్యాక, నడిమి కాగితానికీ గాడికీ మధ్య మిగిలిన నున్నటి అంచున, పాడినవాళ్ళ పేరు గీసేవాడు. ఆ స్టూడియోలో అది ఆనవాయితీ.

ఒక ఏడాది, లాండ్రీలో పనిచేసే వెర్నెల్ అక్కడ ఒక పాట పాడింది. స్టూడియో యజమాని రికార్డు నడిమి కాగితం మీద తన మేనకోడలి పేరు అచ్చువేయించాడు.

"కాగితం మీద వాళ్ళిష్టం, హార్లన్ గారూ," అని బతిమాలింది వెర్నెల్. "అంచున మాత్రం నా పేరు గీయండి. ఎవరూ చూడరు. ఉందని నాకు తెలిస్తే చాలు."

"అలాగేనమ్మా," అన్నాడు.

ఉద్యోగం పోతుందన్న భయంతో మేనకోడలి పేరే గీశాడు. పాట ఊరూరా మోగింది. లాండ్రీలో వెర్నెల్ అదే పాడితే, "అచ్చం ఆ పిల్లలాగే దించావే!" అని తోటివాళ్ళు నవ్వారు. ఆ చలికాలంలోనే ఆమె పోయింది.

ఆరేళ్ళ తర్వాత, గాజు అవతల నిలబడింది హార్లన్ కూతురు జోసీ. ఆమెకిది మొదటి రికార్డు.

"నాన్నా, పుట్టినరోజు కేకు మీద రాయించినట్టు నా పేరు తప్పు గీయకు!"

"ముందు నువ్వు శ్రుతి తప్పకు, మహారాణీ!"

సూది దిగింది. పూత తెగేటప్పుడు ఎప్పుడూ ఘాటైన గోళ్ళరంగు వాసన వచ్చేది. ఆ మధ్యాహ్నం గంజి వాసన... తడిబట్టల ఆవిరి. దారాన్ని కుంచెతో తీయబోతే వేళ్ళకు చుట్టుకుంది. మెత్తగా ఉంది. వెచ్చగా ఉంది.

స్పీకర్లో పాట మొదలైంది.

అది జోసీ గొంతు కాదు.

తలెత్తి చూశాడు. జోసీ పెదవులు కదులుతున్నాయి. రెండు చేతులతో మెడ పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. హార్లన్ మీట నొక్కాడు. యంత్రం ఆగలేదు. కరెంటు తీగ పీకేశాడు. అయినా పళ్లెం తిరుగుతూనే ఉంది...

స్పీకర్లోంచి గుసగుస వినిపించింది. అది అతని గొంతే.

"అలాగేనమ్మా... అలాగేనమ్మా..."

"గీస్తాను తల్లీ! నా బిడ్డను వదిలేయ్!"

అంచున వెర్నెల్ పేరు గీశాడు. పళ్లెం ఆగింది. తలుపు తోసుకుని కూతురి దగ్గరికి పరుగెత్తాడు.

జోసీ నోరు తెరిచింది.

"ఇప్పుడా, హార్లన్ గారూ?"

ఆ గొంతు వెర్నెల్‌ది. జోసీ గొంతు మళ్ళీ ఎవరూ వినలేదు.

ఆనాటి దారం ఉన్న సీసా ఇప్పటికీ జోసీ గూట్లోనే ఉంది. దారం పెరుగుతోంది. నెలకోసారి కత్తిరిస్తుంది. ఈమధ్య కొస నెరిసిన జుట్టులా తెల్లబడుతోందట. ఈ కథ ఒకరికి చెప్పిన రోజు మాత్రం పెరగదట.

అందుకే పిల్లలూ, మీరూ ఎవరికైనా చెప్పండి. వెర్నెల్ పేరు మాత్రం వదిలేయకండి.