మూడో పొర

ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలు. సన్నటి జల్లు పడుతోంది. గాలి లేదు కనుక గొడుగు ఉన్నవారెవరూ తడవలేదు. ఆమె మాత్రం పూర్తిగా తడిసింది. డెబ్బై ఆరు చెక్క గోళీల నమూనాను రెండు చేతులా పొదివి పట్టుకున్న మనిషికి గొడుగు పట్టుకోవడం సాధ్యం కాదు.

"గోళీల మాస్టారంటే మీరేనా?" అంది, నమూనాల వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి.

ఉలి పక్కన పెట్టి అతను లేచాడు. కాలేజీ నౌకర్లు పెట్టిన ఆ పేరు తన చెవిన ఎప్పుడో పడింది కాబట్టి, "అలాగే అంటారండీ" అన్నాడు.

"రాగి నమూనా చెయ్యమంటే ఇదేం చేశారు? ఇది మెగ్నీషియం!"

"రాగి రంగే వేశాం కదండీ?"

ఆమెకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఏడుపు ఆపుకుంది.

ఆమె భౌతికశాస్త్రం చెప్పే కొత్త అధ్యాపకురాలు. డ్రాయింగులు నౌకర్ల చేత పంపడమే తప్ప ఈ వర్క్‌షాపుకు రావడం ఇదే మొదటిసారి. పదకొండున్నరకు ఆ నమూనాతో పాఠం చెప్పాలి. ఆఖరి బెంచీలో ముగ్గురు పరిశీలకులు కూర్చుంటారు. వారిలో ఇద్దరైనా సంతకం చేస్తేనే ఆమె ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే నెలాఖరుకు పోతుంది.

నమూనాలో జరిగిన పొరపాటు చిన్నదే. పండ్ల దుకాణంలో నారింజలు పేర్చినట్టు లోహాల్లో పరమాణువులు పొరలు పొరలుగా ఉంటాయి. మొదటి పొర గుంటల్లో రెండో పొర కూర్చుంటుంది. మూడో పొరకు మాత్రం రెండు దారులున్నాయి. అది మొదటి పొర గోళీలకు సరిగ్గా పైన కూర్చుంటే మెగ్నీషియం, రెండో పొర కప్పకుండా వదిలిన గుంటల పైన కూర్చుంటే రాగి. రెండిటిలోనూ గోళీల సర్దుబాటు ఒకే బిగువుతో ఉంటుంది గనుక మామూలు కంటికి తేడా దొరకదు. పరిశీలకులవి మామూలు కళ్లు కావు.

"మీ డ్రాయింగ్ ప్రకారమే చేశానండీ" అంటూ అతను బీరువా తాళం తీసి కాగితం తెచ్చాడు.

నాలుగు పొరల్లో కింది రెండూ చక్కగా గీసి ఉన్నాయి. పక్కన ఆమె రాతలోనే, 'పై రెండూ ఇలాగే' అని ఉంది. తనకు బాగా తెలిసిన సంగతి ఎదుటివారికీ తెలిసే ఉంటుందనుకోవడం వల్ల వచ్చిన తప్పు అది. దాన్ని చదవగానే ఆమె కోపం పోయింది, భయం మిగిలింది.

"క్షమించండి. ఊరికే మీ మీద అరిచాను."

గోళీలకు రంగు వేస్తున్న అతని పిన్ని తలెత్తింది. "ఫరవాలేదమ్మాయ్. నీ డ్రాయింగులన్నీ వాడు తాళం వేసి దాచుకుంటాడు. వాడి సర్టిఫికెట్లు మాత్రం అటక మీద ఎలుకలతో ఉన్నాయి."

"పిన్నీ!"

"నేనేమన్నాన్రా? ఎలుకల సంగతేగా చెప్పాను."

ఆమె వినిపించుకోలేదు. "అన్నీ ఊడదీసి మళ్లీ అంటించాలి. టైమెక్కడుంది?"

అతను నమూనా చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "మూడో పొర మీద నాలుగోది సరిగ్గానే కూర్చుందా అండీ?"

"ఆ రెండింటికీ ఏ లోపమూ లేదు."

"అయితే వాటినెందుకు విడదీయడం? రెండూ కలిపి పక్క గుంటల్లోకి జరిపితే?"

ఆమె తడి వేలితో బల్ల మీద గీసి చూసుకుంది. మూడోది ఖాళీ గుంటల మీదికి పోతుంది. నాలుగోది సరిగ్గా మొదటిదాని మీదికి వస్తుంది. అదే రాగి.

"ఒక్కచోట విడదీస్తే చాలు!"

సన్నటి ఉక్కు తీగను గోళీల సందుల్లోంచి పోనిచ్చి, రెండో పొరకూ మూడోదానికీ మధ్య అతుకులను ఒక్కొక్కటే తెంచసాగాడు. ఒక్క గోళీ చిట్లినా పని అయిపోయినట్టే. ఆమె నమూనాను కదలకుండా పట్టుకుంది.

"మీ తల వెలుతురుకి అడ్డొస్తోంది మేడమ్."

"అడ్డొచ్చేది మీ తల."

"ఇక్కణ్ణుంచి నాకు రెండూ ఒకటిగానే కనబడుతున్నాయర్రా" అంది పిన్ని.

పది గంటల ఇరవైకి చివరి అతుకు తెగింది. త్వరగా పట్టుకునే జిగురు పూసి, జరిపి, బిగించారు. పదకొండుంబావుకు అతను నమూనా ఎత్తుకున్నాడు, ఆమె ఇద్దరికీ గొడుగు పట్టింది. జిగురు ఆరిందో లేదో ఇద్దరికీ తెలియదు.

పాఠం సగంలో ఉండగా ముగ్గురిలో పెద్దాయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "ఇక్కడ రంగు గీసుకుపోయిందేం? ఈ పాత జిగురు మరకలేమిటి?"

దారిలో దెబ్బ తగిలిందని చెప్పవచ్చు. ఆమె నోరు తెరిచేలోగా తలుపు దగ్గరనుంచి, "తప్పు నాదేనండీ, చేసింది నేను" అన్న అతని మాట వినబడింది.

"కాదండీ. డ్రాయింగ్ నాది, తప్పూ నాదే. సరిచేసే ఉపాయం మాత్రం ఆయనది" అంది ఆమె. అంటూనే, జంట పొరలు పక్కకు జరిగితే మెగ్నీషియం అమరిక రాగి అమరికగా ఎలా మారుతుందో బోర్డు మీద గీసి చూపింది. పాఠంలో అనుకున్న భాగం కాదది. విద్యార్థులు రాసుకోవడం మాని చూశారు. పెద్దాయన ఏదో రాసుకుని కాగితం మడిచాడు.

వరండాలో అతను అడిగాడు: "ఎందుకు చెప్పారండీ? ఉద్యోగం పోతే?"

"మీరెందుకు అబద్ధమాడారు?"

"మీరు వెళ్లిపోతే డ్రాయింగులు రావు కదా అని."

"డ్రాయింగుల కోసమేనా?"

అతను వాన వైపు చూశాడు. "మీరు కూడా రారు కదా అని."

"వస్తాను. ఉద్యోగం ఉన్నా, లేకపోయినా" అంది ఆమె. అది తను ముందుగా ఆలోచించుకున్న మాట కాదు. చెప్పాక మాత్రం దాన్ని దిద్దుకోలేదు.

ఐదో రోజున ఉత్తరం వచ్చింది. ముగ్గురిలో ఇద్దరు సంతకం చేశారు, పెద్దాయన చేయలేదు. ఆమెకూ అతనికీ మరుసటి ఏడు పెళ్లయింది. పన్నెండేళ్ల తరువాత ఆమె ఆ విభాగానికి అధిపతి అయింది.