ఏటీ లేదు

ఆ రోజుల్లో విశాఖలో ఒంటిని చదివే అద్దం లేని స్నానాలగది లేదు. పొద్దున్నే దాని ముందు నిలబడి ఒక్కసారి ఊపిరి వదిలితే చాలు, ఒంట్లో చక్కెర ఎంత, రక్తం ఎంత, కొవ్వు ఎంత అన్నీ చెప్పేసేది. ఏదైనా తేడా కనిపిస్తే ముందు మనిషికి, వెంటనే ఇంటివాళ్ళలో ఒకరికి కబురు పంపేది. తన్మయి అద్దం నుంచి కబురు తల్లి నూకరత్నానికి రావాలి. అది పిల్లని అడిగి పెట్టింది కాదు. తల్లే పట్టుబట్టి పెట్టించుకుంది.

అంతటి అద్దం ఉండి కూడా తన్మయి కాలేయంలో కేన్సర్ గడ్డ నిమ్మకాయంత అయ్యేదాకా ఎవరికీ తెలియలేదు. ఎందుకంటే ఆ అద్దం మీద ఏడాదిగా తువ్వాలు వేలాడుతోంది.

తన్మయిది సముద్రంలో గాలిమరలు బాగుచేసే ఉద్యోగం. భీమిలి తీరానికి దూరంగా, నీళ్ళ మీద తేలే క్వార్టర్స్‌లో ఉండేది. తువ్వాలు సంగతి నూకరత్నానికి ఆసుపత్రికి వచ్చాకే తెలిసింది. "తడి తువ్వాలు ఆరేసుకోడానికి చోటు లేక" అంది పిల్ల. తల్లి నమ్మింది. నమ్మినట్టు తలూపింది అనడం ఇంకా నిజం.

నూకరత్నానికి భయపడటం వచ్చినంత బాగా మరేదీ రాదు. పిల్ల తుమ్మితే నిమోనియా, ఫోన్ ఎత్తకపోతే పడవ మునక, తలుపు గాలికి కొట్టుకుంటే తుఫాను. ఇన్నేళ్ళూ ఇన్ని భయపడినదానికి, అసలు రావలసిన భయం మాత్రం చెప్పాపెట్టకుండా వచ్చింది. ఇప్పుడు ఆమె తను వండి పెట్టినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటోంది. బూజు వాసనేసినా పారబోయక వేయించి కారం దట్టించిన వేరుశనగలా? వానాకాలంలో సరిగ్గా ఎండని చేపలా?

"డాట్రమ్మా, నా వంటవల్లేనా? మీ పెట్టె చెప్పేస్తాదా ఇయ్యాల?"

డాక్టర్ షబానాది రాజమండ్రి. మంచం పక్కన బల్ల మీదున్న ఆ పెట్టెను కట్టినవాళ్ళలో ఆవిడా ఒకరు. "లేదమ్మా. ఎందుకొచ్చిందో అది చెప్పదు. ఇప్పుడు ఎటు పోవాలని చూస్తోందో చెబుతుంది. మనకు కావలసింది అదే."

పెట్టె పేరు కణశ్రవణి. రొట్టెల డబ్బాకన్నా పెద్దది కాదు. తన్మయి కుడి డొక్క మీద అతికించిన తమలపాకంత పట్టీ నుంచి దానికి దారం లాంటి తీగ పోయింది.

షబానా వంటింటి భాషలోనే చెప్పింది. మన ఒంట్లో కణాలు నోరు లేకపోయినా ఊరుకోవు. ఒంటి మీద ప్రొటీన్లను జెండాల్లా ఎగరేసి, చుట్టుపక్కలకు రసాయనాలు వదిలి మాట్లాడుకుంటూనే ఉంటాయి. కణశ్రవణి వాటిని పట్టుకుని మనిషి మాటలోకి తిప్పుతుంది. కాలేయంలో కణాలు ఒకదాన్నొకటి క్యాడ్హెరిన్ అనే జిగురుతో పట్టుకుని ఉంటాయి. గడ్డ పెరిగి లోపల ప్రాణవాయువు అందకపోతే కొన్ని కణాలు ఆ జిగురు వదిలించుకుంటాయి. కాళ్ళొచ్చినట్టు కదిలి నెత్తురులో పడతాయి. ఎక్కువగా ఊపిరితిత్తులకే పోతాయి.

"పోయేముందు ఒక పని చేస్తాయి. కొవ్వుపొరలో చుట్టిన చిన్న చిన్న మూటలు ముందే పంపిస్తాయి. ఎక్సోజోములంటాం. మేం వాటికి సద్దిమూటలని పేరు పెట్టుకున్నాం. అవి వెళ్ళి అక్కడ చోటు చదును చేసి పెడతాయి. మూటలు చేరాయా, వాటి వెనక కణాలు కూడా చేరాయా, అన్నదే ఇప్పుడు తేలాలి. కణాలు కూడా చేరిపోయి ఉంటే..." అని ఆపేసింది.

నూకరత్నం మిగతాది మనసులో పూర్తి చేసుకుంది. పూర్తి చేసుకోవడం ఆమెకు అలవాటే.

పెట్టె ఖంగుమంది. ఆడా మగా కాని గొంతొకటి, ఎక్కడో గది అవతల మాట్లాడుతున్నట్టు వచ్చింది.

"గాలాడటం లేదు... గాలాడటం లేదు... పోదాం."

కాసేపాగి, "సద్ది ముందు పంపించాం. కాస్త ఆగి బయల్దేరదాం."

షబానా గట్టిగా ఊపిరి వదిలింది. "ఇంకా బయల్దేరలేదు! మనకు టైముంది."

అంతలో ఇంకో గొంతు, బాగా అలిసిపోయినది. "ఎవరక్కడ? ఏమైంది?"

"అవి టీ-సెల్స్. ఒంటికి కావలి కణాలు" అని షబానా గుసగుసగా చెప్పింది. "ఇప్పుడు చూడండి, గడ్డ కణం తన ఒంటి మీద ఒక ప్రొటీన్‌ను అడ్డుపలకలా పెడుతుంది. దాంతో కావలివాడు వెనక్కి తిరిగిపోతాడు."

పెట్టె చాలా మామూలుగా, కొంచెం విసుగ్గా అంది:

"ఏటీ లేదు."

కావలి గొంతు మళ్ళీ వినబడలేదు.

షబానా కనుబొమ్మలు ముడిపడ్డాయి. "ఏటీ? ఇది నేను పెట్టిన మాట కాదే. మా ప్రోగ్రాంలో దీనికి 'నేను మీవాణ్ణే' అని ఉంటుంది." కళ్ళద్దాల అంచు మీద వేళ్ళాడించి, వాటిలో ఏదో వెతికింది. "ఓ... దీనికి సొంత మాటలుండవమ్మా. రోగి ఇంటి మాటల్లోంచి ఏరుకుంటుంది. తన్మయి ఏడాది ఫోన్ కాల్స్ వాడుకోమని సంతకం పెట్టింది. అడిగినవాళ్ళను ఇంకేమీ అడగనీకుండా పంపేయడానికి ఈ అమ్మాయి ఎక్కువసార్లు వాడిన మాట ఏదో, దాన్నే తీసుకుంది."

ఆ మాట ఎవరితో అన్నదో అడగవలసిన పని లేదు.

ఒంట్లో ఎలాగుందే? ఏటీ లేదమ్మా. గొంతెందుకలాగుంది? ఏటీ లేదు. చిక్కిపోయావేటే? ఏటీ లేదన్నాను కదా. అవునులే అని నూకరత్నం ఫోన్ పెట్టేసి, ఎన్నిసార్లు హాయిగా నిద్రపోయిందో!

"ఎందుకే చెప్పలేదు?" అంది నూకరత్నం.

తన్మయి పైకప్పు చూస్తూ అంది. "చెప్తే ఊరుకుంటావేటి? కాలు బెణికిందన్నందుకు పడవేసుకుని సైటుకొచ్చి, మా ఇంజినీర్ కాలరట్టుకున్నావు. ఇప్పటికీ నన్ను 'అమ్మగారి బొమ్మ' అంటారక్కడ. జొరమని చెప్తే పెద్దమ్మకీ పిన్నికీ ఫోన్లు చేసి ఏడ్చావు. నీకు చెప్తే నా నొప్పి నేను పడాలి, నీ ఏడుపూ నేనే పడాలి. రెండూ మోయలేనమ్మా."

నూకరత్నం షబానా వైపు తిరిగింది. "మరి ఆ కావలోళ్ళు... ఏటీ లేదంటే ఎందుకు నమ్మేత్తారు డాట్రమ్మా? మళ్ళీ అడగొచ్చు కదా?"

షబానా కాస్త తటపటాయించి, ఉన్నదున్నట్టు చెప్పింది. "వాళ్ళూ మొదట బాగానే అడుగుతారు. కానీ పగలూ రాత్రీ గంట కొడుతూనే ఉంటే అలిసిపోతారమ్మా. ఆ అలుపులో ఎవరైనా ఏటీ లేదంటే చాలు, పోతారు."

ఆవిడ చెప్పింది కణాల గురించే. నూకరత్నం మాత్రం చీర చెంగు నోట్లో కుక్కుకుంది.

వైద్యం మర్నాడు మొదలైంది. మందు అడ్డుపలకను ఊడబెరికి కావలి కణాలను తిరిగి లేపుతుంది. కానీ లేచినవి ఆవేశపడితే గడ్డతోపాటు మంచి కాలేయాన్నీ కాల్చేస్తాయి. యంత్రాలు ఆ మంటను పసిగట్టేసరికి ఆలస్యమవుతుంది. రోగి నోటి మాటే ముందు తెలిసేది. అందుకే ప్రతి మోతాదుకూ ముందు షబానా అడగాలి, తన్మయి నిజం చెప్పాలి. పద్ధతి అంతే.

రెండో మోతాదు నాడు సూది సిద్ధమైంది.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా అమ్మా?"

తన్మయి తల్లి మొహం వంక చూసింది. ఆ కళ్ళలో అప్పుడే నీళ్ళు నిండుతున్నాయి.

"ఏటీ లేదు" అంది.

షబానా చెయ్యి మందు గొట్టం మీదికి పోయింది. నూకరత్నానికి పెట్టె గొంతు చెవుల్లో మోగింది. అదే మామూలుతనం, అదే విసుగు. లేచి సూది మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి డాట్రమ్మా. అది అబద్ధం."

"అమ్మా!"

నూకరత్నం మంచం పక్కన కూర్చుంది. ఏడుపు గొంతుదాకా వచ్చింది. దాన్ని వేడి ముద్ద మింగినట్టు మింగింది. కాలిపోయింది గానీ లోపలికి పోయింది.

"ఎక్కడే?" అంది. అంతే అంది. 'నా తల్లో' అనలేదు, దేవుణ్ణి పిలవలేదు.

తన్మయి చాలాసేపు ఆ మొహాన్ని వెతికింది. "కుడి డొక్క. నిన్న సాయంత్రం నుంచి. వీపులోకి లాగుతోంది."

షబానా సూది కింద పెట్టేసింది. రక్తం తీసి చూస్తే కాలేయం వాపు మొదలైంది. "ఆ మోతాదు పడి ఉంటే..." అన్న మాట ఆవిడ పూర్తి చేయలేదు. నూకరత్నం కూడా ఈసారి పూర్తి చేసుకోలేదు.

ఆ రోజే షబానా కణశ్రవణికి కొత్త పాఠం చెప్పింది. 'ఏటీ లేదు' అని వినబడితే వదలకూడదు. మళ్ళీ అడగాలి. ఒంట్లోనైతే షబానాకు కబురు పెట్టి మందుతో, గదిలోనైతే నోటితో.

వాపు తగ్గాక మందు మళ్ళీ సాగింది. వానలు మొదలయ్యేసరికి గడ్డ ఎండు ఉసిరికాయంత అయింది. ఊపిరితిత్తుల్లో సద్దిమూటలు తినేవాళ్ళు లేక కరిగిపోయాయి. "ఇక ఇది వ్యాపించదని చెప్పొచ్చు" అంది షబానా. ఆవిడ వెళ్ళాక గదిలో తల్లీకూతుళ్ళే మిగిలారు.

నూకరత్నం కమలాపండు ఒలుస్తోంది. జాకెట్టు భుజాల దగ్గర వదులైపోయింది. ఇన్నాళ్ళూ పిల్ల తినగా మిగిలిందే ఆమె తిండి. నిద్రంటే కుర్చీలో కునుకే.

"అమ్మా, అలా అయిపోయావేటి? ఒంట్లో బాగులేదా?"

నూకరత్నం తల ఎత్తలేదు. పిల్ల ఇప్పుడిప్పుడే కోలుకుంటోంది. దానికెందుకు చెప్పడం?

"ఏటీ లేదే. తిను."

బల్ల మీద పెట్టె ఖంగుమంది.

"ఎక్కడ?"

నూకరత్నం ఉలిక్కిపడింది. తొన జారి కింద పడింది. తన్మయి పకపకా నవ్వి, డొక్క పట్టుకుని, నవ్వు ఆపుకుంది. పెట్టె ఊరుకోలేదు. మర్యాదగా, విసుగు లేకుండా మళ్ళీ అడిగింది.

"ఎక్కడ?"

తల్లి చెయ్యి తనకు తెలియకుండానే గుండెల మీదికి పోయింది. అక్కడే ఆగిపోయింది.

తన్మయి మంచం మీద పక్కకు జరిగి చోటు చేసింది.

"చెప్పమ్మా. నేనేటీ ఏడవన్లే."