చెరువని గుర్తు పెట్టిన చోటు

ఏలూరులో వరద హెచ్చరికలు పంపే ఆఫీసులో జావీద్ ఉద్యోగం సుఖమైనదే. శాటిలైట్ ఫొటో వస్తుంది, కంప్యూటర్లో మోడల్ నీటి లెక్క కడుతుంది, మునగబోయే వీధుల్లో ఫోన్లు మోగుతాయి. కొల్లేటి చుట్టూ ఎటు చూసినా చేపల చెరువులే. వాటి నీళ్లు చూసి మోడల్ కంగారు పడకుండా మ్యాపులో నీలం రంగేసి చెరువని గుర్తు పెట్టాలి. గుర్తు పడిన చోటికి ఇక హెచ్చరిక వెళ్లదు.

కిందటేడు జావీద్ ఆ రంగును ఓ లంక ఊళ్లోని కాలనీ మీద కూడా పూసేశాడు. చెరువుల మధ్య నాలుగిళ్లు ఎవరికి కనిపిస్తాయి లెండి! అక్కడ కొలబద్ద చూసి నీటిమట్టం చెప్పే భీమరాజు మూడుసార్లు ఫోన్ చేశాడు.

"నడుం దాకా వచ్చాయండీ. మా మనవరాలికైతే పీకల దాకా అండీ."

"అది చెరువయ్యా! చెరువులో నీళ్లుండవా?" అని విసుక్కున్నాడు జావీద్.

మర్నాడు తాతా మనవరాలూ శవాలై తేలారు. జావీద్ గుట్టుచప్పుడు కాకుండా ఆ రంగు చెరిపేసి, క్యారేజీ విప్పుకుని అన్నం తిన్నాడు.

ఈ ఏడు వానల్లో ఒక సాయంత్రం ఆఫీసు గదిలో బురద వాసన, చేపల నీచు కమ్ముకున్నాయి. ఫోన్ మోగింది.

"భీమరాజునండీ... కొలత రాసుకోండి. మీటరండీ."

జావీద్ కుర్చీలోంచి లేచాడు. "ఎ... ఎక్కడ?"

"మీ ఇంట్లోనండీ."

తెర మీద తన వీధి మొత్తం నీలంగా ఉంది. చెరిపాడు. మళ్లీ వచ్చింది... చెరిపాడు... మళ్లీ...

ఇంట్లో భార్య సాబిరా, ఆరేళ్ల జోయా ఉన్నారు. మీటరు నీళ్లంటే జోయాకు పీకల దాకా. ఉన్నపళాన బండి తీశాడు.

వీధిలో చుక్క నీరు లేదు. గడప దగ్గర సాబిరా ఏడుస్తోంది.

"ఏవండీ, ఎంత పిలిచినా ఉలకదు, పలకదు... ఒకసారి చూడండి."

హాలు నడుమ, పొడి నేల మీద, జోయా మునివేళ్ల మీద నిలబడి ఉంది. గడ్డం పైకెత్తి... మూతి బిగించి...

జావీద్ ఒక్క ఉదుటున ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకున్నాడు. పిల్ల ఆవురావురుమని గాలి పీల్చింది. దించబోతే అతని మెడలో గోళ్లు దిగేసింది.

"తప్పయిపోయిందయ్యా... పిల్లని వదిలెయ్యి," అని బావురుమన్నాడు జావీద్. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తియ్యలేదు.

"సాబిరా... గబగబా మేడ మీదికి పద."

ఆమె అప్పటికే గడ్డం పైకెత్తింది. మెల్లగా మడమలు పైకి లేపుతోంది.