సబ్బుతో కడిగిన సీసాలు

ఉదయం ఏడున్నరకి బుల్లి వంటింటి బల్ల ముందు నిలబడి తల్లికి పాఠం అప్పజెబుతోంది. పేరుకే బుల్లి, ముప్పై ఒకటి నిండాయి. పెద్ద పరిశోధనశాలలో ఆరేళ్లుగా తాత్కాలికపు ఉద్యోగం. ఆ రోజు పదకొండింటికి పెద్దల ముందు తను కనిపెట్టింది చెప్పాలి. వాళ్లు తలూపితే ఉద్యోగం ఖాయం, లేకపోతే నెలాఖరుతో సరి.

“వింటున్నావా అమ్మా? నీళ్లలో బంగారపు నలుసులుంటాయి. నానో కణాలంటాం. కంటికి ఆనవు. విడివిడిగా ఉన్నంతసేపూ ఆ నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి.”

“బంగారం ఎర్రగా ఉండటమేమిటే, చోద్యం.” తల్లి ఉల్లిపాయలు తరుగుతూ అంది.

“అంత సన్నగా చేస్తే ఎర్రగానే ఉంటుంది. ఒక్కో నలుసుకీ పల్చటి కొవ్వు పొర తొడుగుతాం. మన ఒంట్లో జీవకణాల మీద ఉండే పొర లాంటిదే. అందులో మందు వేస్తాం. మందు ఆ పొరని చింపిందనుకో, నలుసులన్నీ ఒకదాన్నొకటి అంటుకుని నీళ్లు నీలానికి తిరుగుతాయి. నొప్పుల మందు వేసిన పన్నెండు సీసాలూ నీలమయ్యాయి. మందు వెయ్యనివి ఎర్రగానే ఉన్నాయి. అంటే ఒంట్లో పొరనీ చింపుతుందన్నమాట, ఇక ఆ మందు పని అయిపోయినట్టే.”

“బాగానే చెప్పావు. మధ్యలో కాస్త నీళ్లు తాగు.”

“సీసాల శుభ్రం సంగతి ఎవరైనా అడుగుతారేమో. సబ్బు దగ్గరికే రానివ్వం అని చెప్పాలి. ఓ వెంట్రుకవాసి సబ్బు మిగిలినా ఆ పొర కరిగిపోతుంది. మందుతో పనే లేదు.”

తల్లి చేతిలో కత్తి ఆగిపోయింది.

రెండు నెలల కిందట పరిశోధనశాలలో నీళ్ల గొట్టాలు బాగుచేస్తుంటే బుల్లి ఓ పెట్టెడు సీసాలు ఇంటికి తెచ్చింది. డబ్బాతో తెచ్చిన శుద్ధమైన నీళ్లతో కడిగి, తువ్వాలు మీద బోర్లించి పడుకుంది. ఆసుపత్రి బట్టల గదిలో ముప్పై ఏళ్లు ఉతికిన మనిషి ఆ తల్లి. గాజు మీద నీటి చారలు కనిపిస్తే ఆవిడకి ప్రాణం ఊరుకుంటుందా? సబ్బు పట్టించి, బ్రష్షుతో తోమి, తళతళలాడించి మళ్లీ అలాగే బోర్లించింది. ఎవరితోనూ అనలేదు. అదేం ఘనకార్యమని చెప్పుకుంటుంది పాపం.

“ఆ పన్నెండూ మనింటికి తెచ్చిన సీసాలేనా?”

“అవును, ఆ పెట్టెలోవే. మందు లేనివి అక్కడి పాత సీసాల్లో పోశాను. ఏం?”

“ఏం లేదు. స్నానానికి వెళ్లు.”

బాల్కనీలో గడ్డం గీసుకుంటున్న భర్తకి సంగతంతా చెప్పింది. బస్సు కండక్టరుగా చేసి రిటైరైన ఆయన సగం నురగతో అలాగే ఉండిపోయాడు.

“ఇవాళ ఒక్క పూట నోరు కట్టుకో. ఆరేళ్లుగా ఎదురుచూస్తోంది పిల్ల. కావాలంటే రేపు చెప్పు.”

“రేపటికి ఆ మాట నలుగురి నోళ్లలో పడుతుంది.”

“పడనీ. ఎవరు వచ్చి అడిగారు నిన్ను?”

“ఎవరూ అడగలేదు. దుప్పటి మీద మరక ఉంటే లోపలికి మడిచి ఇచ్చెయ్యమని ఆసుపత్రి సూపర్‌వైజరు అన్నప్పుడు ఇవ్వలేదు నేను. కన్నకూతురికి ఇస్తానా?”

“నీ మొండితనంతో దాని కొంప ముంచుతావు.”

“మునిగితే నేనూ మునుగుతా. గడ్డం కానివ్వండి.”

తడి జుట్టుతో బయటికి వచ్చిన బుల్లిని నించోబెట్టి సంగతి చెప్పింది.

“నిన్ను కడగమన్నానా?”

“అనలేదు.”

“నా వస్తువులు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాను?”

“చాలాసార్లు.”

“మరి ఎందుకమ్మా?” బుల్లి గోడకి ఆనుకుని కిందికి జారి కూర్చుంది.

తండ్రి నెమ్మదిగా అన్నాడు. “ఎవరికి తెలుస్తుందే? మనం ముగ్గురమే కదా.”

బుల్లి తలెత్తింది. “నాకు తెలిసిపోయింది కదా నాన్నా. ఆ మాత్రలు మింగి నడుస్తున్నవాళ్లు ఎంతమందో. నా మాట విని మానేస్తే?”

“నీ ఉద్యోగమో?”

“పోతే పోనీ. ఇలా వచ్చిన కుర్చీలో నేను కూర్చోలేను.” కళ్లు తుడుచుకుని లేచింది. “అమ్మా, చీర మార్చుకో. ఆ రోజు ఏ సబ్బు, ఏ బ్రష్షో అవి తీసుకుని నాతో రా.”

పదకొండింటికి ముగ్గురు పెద్దలు పరిశోధనశాల తొట్టి చుట్టూ నిలబడ్డారు. తల్లి ఆరు సీసాలు తన పద్ధతిలో తోమింది. బుల్లి ఆరు సీసాలు తన పద్ధతిలో కడిగింది. పొర తొడిగిన బంగారపు నీళ్లు అన్నిట్లో పోసి, మందు మాత్రం తన సీసాల్లోనే వేసింది. పావుగంటలో తల్లి కడిగినవి ఊదాకి తిరిగి నీలమయ్యాయి. మందు పడినవి ఎర్రగా అలాగే ఉన్నాయి.

“నేను కనిపెట్టానన్నది తప్పండీ. పొరని చింపింది మందు కాదు, సబ్బు.”

పెద్దల్లో ఒకాయన మూతి విరిచాడు. “ఇది చెప్పడానికి అమ్మగారిని వెంటబెట్టుకు రావాలా?”

“తను పిలవకపోయినా నేనే వచ్చేదాన్ని” అంది తల్లి. “తోమింది నా చెయ్యి. తిట్లేవో నాకు పెట్టండి.”

ముగ్గురిలోకీ పెద్దయిన మేడమ్ బుల్లి రాసుకునే నోటుబుక్కు తెరిచింది. సీసాలు ఎవరు కడిగారన్న గడి రెండు నెలల కిందటి పేజీలో ఖాళీగా ఉంది.

“ఈ గడి నువ్వు నింపి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు,” అంది బుల్లితో. “ఇవాళ ఉద్యోగం గురించి ఏమీ చెప్పలేను. నెలాఖరులోగా మొత్తం మళ్లీ చెయ్యి.” కలం తల్లి వైపు జరిపింది. “ఆ గడిలో మీరు సంతకం పెట్టండమ్మా.”

తల్లి కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరమే దిద్దింది. చివరి అక్షరం దగ్గర ఆగితే బుల్లి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో పొద్దుటి కోపం లేదు. తల్లికి అప్పుడు వచ్చాయి కన్నీళ్లు.

బయట మెట్ల మీద తండ్రి కూర్చుని ఉన్నాడు, ఎప్పుడు వచ్చాడో ఏమో. గడ్డం ఒక పక్కే గీసి ఉంది.

“ఏమన్నారు?”

“మళ్లీ మొదటినుంచి చెయ్యమన్నారు నాన్నా.”

“పొద్దున నేనన్నది మర్చిపో తల్లీ.” లేచి, కూతురి చేతిలో పెట్టె తను అందుకున్నాడు. “నెలాఖరుదాకా వంటిల్లు నేను చూసుకుంటాలే. మీరిద్దరూ సీసాల సంగతి చూడండి.”