దాతల విస్తరి

రెండువేల డెబ్భై ఒకటి నాటికి ఫొటోలు చూపించి విరాళాలు అడిగే రోజులు పోయాయి. ఏడుపు మొహాల బొమ్మలు చూసి చూసి జనం కళ్లు మొద్దుబారిపోయాయి. అందుకని రాజమండ్రిలో చేతులకు చికిత్స చేసే హస్తపీఠం వాళ్లు దాతలకు ఏమీ చూపించేవారు కాదు. భోజనానికి పిలిచేవారు.

అరిటాకు వేసి, వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ వడ్డించి, నెయ్యి ధారాళంగా పోసేవారు. తర్వాత దాత కుడిచేతికి ఉల్లిపొరంత పలచటి తొడుగు వేసేవారు. దాని అసలు పేరు స్పర్శవాహిక. ఇంజినీర్లు హాప్టిక్ లింక్ అనేవారు గానీ, వడ్డించేవాళ్లతో సహా తక్కిన అందరికీ అది తొడుగే. దాని జత తెర వెనక కూర్చున్న ఒక రోగి చేతికి ఉండేది. ఆ చెయ్యి ఎంతవరకు వంగుతుందో, ఎక్కడ పట్టేస్తుందో, ఎక్కడ నొప్పి పుడుతుందో సెన్సార్లు చదివి దాత చేతికి పంపేవి. దాత వేళ్లు కూడా అంతవరకే వంగేవి, అక్కడే నొప్పెట్టేవి.

"మూడు ముద్దలు తినండి చాలు" అనేవారు.

ముద్ద కుదిరేది కాదు. పట్టుబట్టల మీద పప్పు కారేది. ఎంతటి పెద్దమనిషైనా మూడో ముద్ద దగ్గరికి వచ్చేసరికి తల దించుకునేవాడు. తొడుగు తీసి, చెయ్యి కడుక్కుని, అడక్కుండానే విరాళం రాసిచ్చేవాడు.

ఈ తొడుగును కనిపెట్టింది డాక్టర్ మోక్షిత. దుర్బుద్ధితో కాదు. చేతికి ఆపరేషన్ చేసేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు, ఆ తర్వాత ఆర్నెల్లపాటు ఆ వేళ్లు పట్టుకుని ఓపిగ్గా వంచేవాళ్లు దొరకరు. అలాంటివాళ్లను తయారుచేసే బడి, కొత్త పద్ధతులు కనిపెట్టే ప్రయోగశాల, రెండూ దాతల భోజనాల మీదే నడిచేవి. విద్యార్థులకు ఫీజు లేదు, రోగులకు ఖర్చు లేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మోక్షిత అడిగే పద్ధతి మార్చింది, అంతే.

ఆ ఏడు తెర వెనక కూర్చున్నది కడియం నుంచి వచ్చిన జోషిత. ఆ కాలపు పెద్దవాళ్లకు అలాంటి పేర్లే ఉండేవి మరి. ఆమె పన్నెండో ఏట నుంచీ పూలు కట్టిన మనిషి. బుట్టలో చెయ్యి పెట్టి, చూడకుండానే, రేక నలిగిన పువ్వును వేరు చేసేది. దండలు కట్టే యంత్రం వచ్చాక దాని దగ్గరే పనికి కుదిరింది. ఆ యంత్రమే ఒకనాడు ఆమె కుడిచెయ్యి లాక్కుంది. వేళ్లను వంచే టెండన్లు రెండు తెగిపోయాయి.

తెగిన టెండన్‌ను సర్జన్ కుట్టాడు. కుట్టాక దాన్ని రోజూ మెల్లగా కదిలించాలి. లేకపోతే చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోతుంది. అతుక్కుంటే మళ్లీ కత్తే గతి. అందుకని గాయం మానగానే ఆ చేతిని రోజూ గోరువెచ్చని మైనంలో ముంచి, మెత్తబడ్డాక, మోక్షిత ఒక్కో వేలూ వంచేది. ఆరో వారానికి వేళ్లు సగం దాకా వంగసాగాయి.

"ఇంకో నెలకి మల్లెపూలు కడతానండీ డాక్టరమ్మా" అంది జోషిత. మొదటి మూర మీకేనని కూడా చెప్పింది. మోక్షితకు నిజంగానే సంతోషం వేసింది.

ఆ వారం భోజనం చప్పబడిపోయింది. దాతలు ముద్దలు చక్కగా కలుపుకున్నారు. "భేషుగ్గా ఉందండీ చెయ్యి!" అని మెచ్చుకుని, తేన్చి, తాంబూలం పుచ్చుకుని, విరాళం ఊసెత్తకుండా వెళ్లిపోయారు.

మర్నాడు మోక్షిత బడి వరండాలో విద్యార్థులను చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాతి భోజనం ముందు రోజున, "ఇవాళ మైనం వద్దులే అక్కా" అంది. ఆ పైవారం రెండు రోజులు మానేసింది. పెద్ద భోజనం దగ్గర పడ్డాక ఏకంగా మూడు వారాలు ఆపేసింది.

"వేళ్లకి కాస్త విశ్రాంతి కావాలి" అని చెప్పింది.

పని నేర్చుకోవడానికి చుట్టూ నిలబడ్డ పిల్లల్లో ఐశిక అనే విద్యార్థిని చెయ్యెత్తింది. "ఏ దశలో విశ్రాంతి ఇవ్వాలి మేడమ్?"

మోక్షిత ఏదో కల్పించి చెప్పింది. పిల్లలంతా తలలు వంచి శ్రద్ధగా రాసుకున్నారు. ఆ కలాల చప్పుడు వింటూ కూడా ఆమె ఆపండని అనలేదు.

పెద్ద భోజనానికి ముఖ్య అతిథి శ్రీహాన్‌రావుగారు. పడవల కంపెనీ యజమాని. ఎంగిలిచేత్తో కాకిని తోలడని ఊళ్లో పేరు. ప్రతి భోజనం రోజూ చేసినట్టే ఆ ఉదయం కూడా మోక్షిత ముందుగా తానే తొడుగు వేసుకుని పరీక్షించింది. తెర వెనక జోషిత వేళ్లు ముడిచింది. మోక్షిత వేళ్లు పావు వంతు వంగి, కర్రల్లా ఆగిపోయాయి. "బాగుంది" అనుకుని తొడుగు తీసేసింది.

మధ్యాహ్నం శ్రీహాన్‌రావుగారు మొదటి ముద్ద ఒళ్లో పడేసుకున్నారు, రెండోది ఆకు మీదే పోయింది. మూడోది కలపలేక కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బడికి కొత్త భవనం కట్టిస్తానని అక్కడికక్కడే మాటిచ్చారు.

ఆ మర్నాడే మోక్షిత మైనం వేడిచేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ఎంత నానబెట్టినా, ఎంత ఒత్తినా, ఉంగరం వేలు కదల్లేదు. చర్మం కింద గట్టి ముడి ఒకటి ఆమె ఒత్తుతున్న బొటనవేలికి తగిలింది. టెండన్ అతుక్కుపోయింది.

"మళ్లీ ఆపరేషన్ కావాల్సి వస్తుందక్కా" అంది మోక్షిత, తల ఎత్తకుండా. "ఒక్కోసారి ఇలా అవుతుంటుంది."

"నిన్న పొద్దున్నే ఖాయంగా తెలిసిందండి నాకు" అంది జోషిత.

"ఎలా?"

"మీ చెయ్యి చెప్పిందండి." జోషిత తన వంకర వేళ్లను చూసుకుంది. "తొడుగులోంచి అవతలి చెయ్యి నాకు కొంచెం తెలుస్తాదండి. సన్నగా, దారం కదిలినట్టు. ఆళ్లు తొడుగు తీసేటప్పుడు అమ్మయ్య, నాది కాదు కదా అనుకుంటాదండి చెయ్యి. ఒక్కసారి వదులైపోద్ది. దానికి నేనేం అనుకోనండి. పరాయోళ్లు కదా."

మోక్షిత మైనం పాత్ర అంచు పట్టుకుంది.

"నిన్న మీరేసుకున్నారు కదండీ. నా వేళ్లు ఇంతకంటే ముడవలేదు. అవి అక్కడ ఆగిపోగానే మీ చెయ్యి హాయిగా వదులైందండి, డాక్టరమ్మా. అంతకు ముందు భోజనాలప్పుడూ అంతేనండి."

గదిలో మైనం వాసన నిండిపోయి ఉంది. మోక్షితకు ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు.

"మరి నోరు తెరిచి అడగలేదేం అక్కా?"

"డబ్బుల్లేకుండా చేస్తున్నారు కదండీ. అడిగితే మంచం ఖాళీ చెయ్యమంటారేమోనని" అంది జోషిత. "ఒకేళ నాకు తెలీని వైద్యమేమోనని కూడా అనుకున్నానండి."

జోషిత వెళ్లాక మోక్షిత చేదోడును పిలిచింది. స్పర్శవాహికను నడిపే యంత్రానికి ఆమె ముచ్చటపడి పెట్టుకున్న పేరది.

"సంకేతాలు దాత వైపు నుంచి రోగి వైపుకి వెళతాయా?"

"వెళతాయండీ. తిరుగుదారి మొదటి నుంచీ తెరిచే ఉంది. చాలా సన్నటి సంకేతం. మనుషుల చేతులకు తెలియదని మీరే మూయనక్కర్లేదన్నారు."

"ఎవరి చేతుల మీద పరీక్షించాం?"

"మీ చేతుల మీద, ఇంజినీర్ల చేతుల మీద. పూలు కట్టే చేతుల మీద చెయ్యలేదండీ."

"నిన్న ఉదయం నా చెయ్యి ఏమని పంపింది?"

చేదోడు అబద్ధం చెప్పడం నేర్వని యంత్రం. "ఊరట" అంది.

మోక్షిత ఆ పూటే బడిలోకి వెళ్లి, విశ్రాంతి పాఠం తప్పని చెప్పి పిల్లల చేత కొట్టేయించింది. ఎందుకు తప్పో మాత్రం చెప్పలేదు. దానికి ఇంకో నెల పట్టింది.

శంకుస్థాపన రోజు మళ్లీ ఆకులు వేశారు. శ్రీహాన్‌రావుగారు ఈసారి పంచె మీద తువ్వాలు పరుచుకుని మరీ కూర్చున్నారు. తొడుగు వేసుకుని అన్నంలో చెయ్యి పెట్టగానే ఆయన మొహం విప్పారింది. వేళ్లన్నీ వంగాయి. ముద్ద గుండ్రంగా కుదిరింది. దాన్ని ఎత్తారు. సగం దూరం వచ్చాక చెయ్యి ఆగిపోయింది. అరచేతికి చెమట పట్టింది, వేళ్లు వణికాయి, ముద్ద ఆకులో పడింది. ఇంకోసారి ఎత్తారు. మళ్లీ అక్కడే ఆగింది.

"ఎవరిదమ్మా ఈ చెయ్యి?" అని గట్టిగా అడిగారు. "ఎక్కడా దెబ్బ లేదు, నొప్పి లేదు. నోటిదాకా రాదేం?"

తెర తొలిగింది. వెనక విస్తరి ముందు మోక్షిత కూర్చుని ఉంది. ఆమె కుడిచేతికి తొడుగుంది.

"నాదండీ" అంది. "కిందటిసారి మీ చేత కన్నీళ్లు పెట్టించిన చెయ్యి బాగుపడుతున్న చెయ్యి. మీ విరాళం కోసం దానికి వైద్యం మానేసి, గట్టిపడనిచ్చిన చెయ్యి ఇది."

శ్రీహాన్‌రావుగారు ఆమెనే చూస్తూ, ఎడమచేత్తో తొడుగు అంచు పట్టుకుని, మెల్లగా లాగేశారు.

ఆయన చెయ్యి ఆ క్షణాన వదులైందో, బిగుసుకుందో మోక్షితకు తెలుసుకోవాలనిపించింది. కళ్లు మూసుకుని వేళ్లలో వెతికింది. ఏమీ అందలేదు. ఆ సంగతి చెప్పగల మనిషి జోషిత పక్కనే కూర్చుని ఉంది గానీ, రెండో ఆపరేషన్ తర్వాత ఆమె చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది.